సిస్టరమ్మ ఆదివారాలు

మొన్న కణేకల్ వైపు ఒక చేనులో పని చేసుకుంటూ ఉండగా గట్టు అవతల ఎవరో ఆముదపు కట్టెను కుప్పవేసి అంటించారు. అది సగం కాలేసరికి నాలుగు చినుకులు పడ్డాయి. వాన అని చెప్పుకోదగ్గది కాదు, నేల రంగు కూడా మారలేదు. కానీ తడిసిన పొగ, ఉడుకెత్తిన మట్టి, కాలువ మీంచి వచ్చే పచ్చిగాలి మూడూ కలిసి ఒక్కసారిగా నన్ను చుట్టుకున్నాయి. చేతిలో వైరు చుట్ట అలాగే పట్టుకుని నిలబడిపోయాను. తొందరపడొద్దు, మొదట ఏమొచ్చె, దాని ఎనక ఏమొచ్చె, అని ఒక ఆడగొంతు పక్కనే నిలబడి నెమ్మదిగా అడిగినట్టయింది. కూలీలు నాకోసం చూస్తున్నారు. నేను మాత్రం కళ్ళు మూసుకుని, మొదట పొగ, దాని వెనక కొంచెం ఉప్పు, ఆ తర్వాత అడుగంటిన బెల్లపు పాకం లాంటిదేదో, అని లోలోపలే జవాబు చెప్పుకున్నాను. ఆ గొంతు సిస్టరమ్మది. ఆమె పోయి రెండేళ్ళు దాటింది.

ఆమె పేరు సులోచన. నర్సుగా పనిచేసి వచ్చిన మనిషి కాబట్టి అనంతపురంలో ఆ వీధి వీధంతా ఆమెను సిస్టరమ్మ అనే పిలిచేది. పుట్టింది యాడికి అనే ఊరి దగ్గర ఒక పల్లెలో, కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబంలో. చిన్న వయసులోనే నర్సింగు చదివి, ఉద్యోగం దొరికి, స్కాట్లండు పడమటి తీరంలోని ఒక దీవికి వెళ్ళిపోయింది. అక్కడి చిన్న ఆసుపత్రిలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసింది. పెళ్ళి చేసుకోలేదు. ఒకరోజు అన్నీ సర్దుకుని తిరిగి వచ్చి, ఊరి చివర, వీధులు ఆగిపోయి ఎర్ర గరుసునేల మొదలయ్యే చోట రెండు గదుల ఇల్లు కట్టుకుంది. అంత వానల దేశం వదిలి ఈ ఎండలోకి ఎందుకొచ్చిందో ఎవరికీ అర్థం కాలేదు. నేను అడగడానికి కూడా చాలా కాలం పట్టింది.

నేను బోర్లకు పాయింట్లు పెట్టే జియాలజిస్టును. నేలలోకి కరెంటు పంపి, లోపల రాయి ఎక్కడ పగిలి ఉందో, నీళ్ళు ఎక్కడ దాగి ఉండవచ్చో యంత్రంతో చూసి చెప్పడం నా పని. చదువు ముగించుకుని ఆ పనిలో దిగిన కొత్తలో ఆమె ఇంటికి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. ఎండకు గాలి నీళ్ళలా కదులుతోంది. యంత్రం ఇచ్చిన అంకెలు ఒకదానితో ఒకటి పొసగలేదు. ఇంకోసారి కొలవాలి. కానీ అప్పటికే అలసిపోయాను, ఇంకో ఊరికి పోవాల్సి ఉంది. పెరటి మూలలో ఒక గుంజ పాతి, మూడు వందల అడుగుల్లో రెండించుల నీళ్ళు ఖచ్చితంగా పడతాయని చెప్పాను. ఆమె గొడుగు కింద నిలబడి నా ముఖం వైపు చూసింది.

"నీకు కనపడిందా, అనిపించిందా?"

కనపడిందన్నాను.

బోరు బండి వచ్చిన రోజు నేను కూడా ఉన్నాను. మూడు వందల అడుగులు దాటింది, నాలుగు వందలు దాటింది, ఐదు వందల యాభై దగ్గర ఆపేశారు. ఒక్క తడి రాయి రాలేదు. తెల్లటి రాతిదుమ్ము పెరడంతా, కరివేపాకు చెట్టు మీద, ఆరేసిన బట్టల మీద, మా కనురెప్పల మీద కూర్చుంది. బండి వెళ్ళిపోయాక ఆ నిశ్శబ్దంలో నేను తలెత్తలేకపోయాను. ఆమె లోపలికి వెళ్ళి తడి తువ్వాలు తెచ్చి నా చేతికిచ్చి, ముఖం తుడుచుకోమంది. ఆ దినం నిజంగా ఏం కనపడిందో ఇప్పుడు చెప్పమంది. ఏమీ సరిగా కనపడలేదని ఒప్పుకున్నాను. తిట్టలేదు. ఆ మాట ఆ పొద్దే చెప్పి ఉంటే బాగుండేదని మాత్రం అంది. నేను గేటు దాటుతుంటే వెనక నుంచి పిలిచింది.

"రామాంజీ, వచ్చే ఆదివారం పదకొండుకు రా. పొద్దున సెంటు పూసుకోవద్దు."

ఎందుకో తెలియకుండానే వెళ్ళాను. చర్చి నుంచి వచ్చి తెల్లచీర మార్చుకోకుండానే తలుపు తీసింది. ముందు గదిలో బల్లకు తెల్లటి దుప్పటి పరిచి ఉంది. ఆసుపత్రి మంచం మీద వేసినట్టు నాలుగు మూలలూ మడతపెట్టి బిగించి ఉంది. దాని మీద మొగ్గ ఆకారంలో చిన్న గ్లాసులు, ఒక్కొక్క గ్లాసు ముందు నీలం సుద్దముక్కతో రాసిన అంకె, పక్కన ఒక గాజు జాడీలో నీళ్ళు. కిటికీకి వేసిన పసుపు తెరలోంచి వచ్చే వెలుగులో గ్లాసులన్నీ ఏదో తేనె దీపాల్లా ఉన్నాయి. అది విస్కీ అని తెలిసి నేను బిత్తరపోయాను. ఆ వయసు ఆడమనిషి ఇంట్లో, ఆదివారం పూట, పట్టపగలు.

అక్కడ అప్పటికే ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకాయన ఓబుళ్రెడ్డి, యాడికి వైపు బండల ఫ్యాక్టరీ నడిపి కొడుకులకు అప్పగించినవాడు, పెద్ద గొంతు మనిషి. రెండో ఆయన మస్తాన్ భాయి, పాతూరులో అత్తరు దుకాణం ఆయనది. మస్తాన్ భాయి చుక్క కూడా తాగడు. వాసన మాత్రమే చూసి గ్లాసు ఓబుళ్రెడ్డి వైపు జరుపుతాడు. తాగడం తమకు లేదని, వాసనకు అడ్డమేమీ లేదని ఆయన లెక్క. సిస్టరమ్మ నాయన ఒకప్పుడు ఓబుళ్రెడ్డి వాళ్ళ చేలల్లో కూలికి పోయిన మనిషి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎప్పుడూ ఎత్తేవారు కాదు. అయితే ఆ ఇంట్లో గ్లాసులు కడిగే వంతు ఎప్పుడూ ఓబుళ్రెడ్డిదే. ఆ నియమం ఎవరు పెట్టారో నాకు తెలియదు. ఆయన పంచె పైకి దోపుకుని, పంపు కింద ఒక్కొక్క గ్లాసును పసిబిడ్డకు తలంటినట్టు కడిగేవాడు.

నెలకొక్క ఆదివారం అలా కూడుతారట. టిఫిను అరిగి, అన్నం ఆకలి ఇంకా మొదలుకాని వేళ నాలుకకు మంచిదని పదకొండు గంటలు పెట్టుకున్నారు. ఆమెతో పనిచేసిన నర్సులు పంపినవీ, బెంగుళూరు విమానాశ్రయం మీదుగా వచ్చే చుట్టాలెవరైనా తెచ్చినవీ నాలుగు రకాల స్కాచ్ విస్కీలు ఉండేవి. సీసాలు వంటింట్లోనే ఉంటాయి. టానిక్ సీసా మూతతో కొలిచి గ్లాసుకు పదిహేను మిల్లీలీటర్లు పోసి తెస్తుంది. ఏది ఏ సీసాలోదో చివరి వరకూ చెప్పదు. మొదట వాసన, ఒట్టి వాసన, తొందర లేకుండా. తర్వాత జాడీలోంచి రెండు చుక్కల నీళ్ళు. అవి వాన నీళ్ళు. మా బోరునీళ్ళలో ఉండే ఉప్పదనం విస్కీని చంపేస్తుందని, కురిసిన ఒకటి రెండు మంచి వానల్లో మిద్దె మీద గిన్నెలు పెట్టి పట్టి దాచేది. ఏడాదంతా కలిపినా రెండు జాడీలు. మా నేల మీద అంత పొదుపుగా, అంత ప్రేమగా వాన వాడుకున్న మనిషిని నేను చూడలేదు.

నా వంతు వచ్చింది. ముందు రాత్రి ఫోనులో చదువుకుని వెళ్ళి ఉంటే బాగుండేదని అనుకుంటూ, బల్ల కింద ఫోను తీసి చూసి, స్కాట్లండు కొండల మీద పూసే హెదర్ పువ్వు వాసన వస్తోందని చెప్పాను. మస్తాన్ భాయి తల దించుకుని నవ్వుకున్నాడు.

"ఆ పువ్వును నువ్వు యాడ చూసినావప్పా?" అంది సిస్టరమ్మ.

చూడలేదన్నాను. అయితే దాని జోలికి పోవద్దంది. నీ ముక్కుకు తెలిసిందే చెప్పు, తెలియంది చెప్పొద్దు, ఏమీ రాకపోతే ఏమీ రాలేదని చెప్పు, ఈ ఇంట్లో అది తప్పు మాట కాదు, అని అదే మెత్తటి గొంతుతో చెప్పింది. నేను ఫోను జేబులో పెట్టుకుని మళ్ళీ గ్లాసు ఎత్తాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఎక్కడి నుంచో, చిన్నప్పుడు మా ఊళ్ళో శెనక్కాయలు ఒలిచే మిషను దగ్గర నిలబడ్డ మధ్యాహ్నం ఒకటి కదిలి వచ్చింది. పొట్టు దుమ్ము, వేడెక్కిన రబ్బరు బెల్టు, బస్తాల గోనె. అదే చెప్పాను, సిగ్గుపడుతూ. ఆమె నవ్వలేదు. గళ్ళ అట్ట వేసిన ఒక పుస్తకం తెరిచి, 'మూడో గ్లాసు: శెనక్కాయల మిషను, బెల్టు వేడి' అని గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. చదువులో నాకు ర్యాంకులు వచ్చిన రోజులున్నాయి. ఆ పుస్తకంలో నా మాట ఎక్కిన రోజు కలిగిన సంతోషం ఏ ర్యాంకుకూ కలగలేదు.

ఆ తర్వాతి ఆరేళ్ళూ నాకు ఇప్పుడు విడివిడిగా గుర్తు రావు. ఒకే పొడవాటి ఆదివారంగా గుర్తొస్తాయి. పసుపు తెర మెల్లగా ఊపిరి తీసుకున్నట్టు ఉబ్బి తగ్గుతుంటుంది. బయట ఎండ తెల్లగా గడ్డకట్టి ఉంటుంది. లోపల నలుగురం మాటల్లేకుండా గ్లాసుల మీదికి వంగి, ఎవరి బాల్యంలోకి వాళ్ళం వెళ్ళిపోయి ఉంటాం. ఓబుళ్రెడ్డి ఒక్కోసారి కళ్ళు మూసుకుని, బండ కోసే రంపం మీద నీళ్ళు పడినప్పటి వాసన అనేవాడు. మస్తాన్ భాయి, పెళ్ళిపందిరి తీసేసిన మర్నాడు అనేవాడు. ఆమె పుస్తకం అలా నిండుతూ పోయింది. తడిసిన పెంకులు, అయోడిన్ సీసా, చింతపండు తొక్కు, పరీక్ష హాలు బెంచీ. ఎక్కడో చలిదేశపు పీపాల్లో పన్నెండేళ్ళు, పద్దెనిమిదేళ్ళు నిద్రపోయి లేచిన ద్రవం మా జిల్లా భాషలో మాట్లాడుతున్నట్టుండేది. తర్వాత సంగటి, శెనగవిత్తనాల ఊరుబిండి పచ్చడి తిని ఎవరిళ్ళకు వాళ్ళం పోయేవాళ్ళం. రెండోసారి పోయమని ఎవరూ అడిగేవారు కాదు, అడిగినా పోసే మనిషి కాదు ఆమె.

ఒక ఆదివారం మిగతా ఇద్దరూ రాలేకపోయారు. ఆ రోజు ఆమె ఆ దీవి సంగతి చెప్పింది. మనకు ఎండ ఎట్లనో ఆడ వాన అట్ల, అంది. ఎప్పుడూ కురుస్తూనే ఉంటుంది, ఎవరూ తలెత్తి చూడరు. వేల ఏళ్ళ గడ్డి కుళ్ళి ముద్దయిన నల్లమట్టిని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి కాలుస్తారు. ఆ పొగతో బార్లీ గింజను ఆరబెడతారు కాబట్టే ఆ విస్కీకి పొగ వాసన. ఇదంతా ఆమెకు చెప్పింది ఆమె వార్డులో ఒక శీతాకాలమంతా మంచం పట్టిన ముసలాయన. విస్కీ పీపాలు చేసే పని ఆయనది. చూపు పోయింది, మింగే శక్తి పోయింది. డాక్టరు సరేనంటే ఆమె విస్కీలో దూది ముంచి ఆయన పెదవులకు అద్దేది. ఆయన ఆ చుక్కలో ఏముందో ఒక్కొక్కటే విడదీసి చెప్పేవాడు. ఏ గోడౌను, సముద్రం వైపు గోడనా కాదా, పీపాలో అంతకుముందు ద్రాక్షసారా ఉండేదా, అన్నీ. ఆమె ముక్కుకు అక్షరాలు దిద్దించినవాడు ఆయనే. పోవడానికి మూడు రోజుల ముందు ఆయన ఒక ప్రశ్న అడిగాడట. మీ ఊరు ఏ వాసన వస్తుంది, అని.

"నాకేం తోచలేదు రామాంజీ. గంధం, మల్లెపూలు, యాలక్కాయలు అని చెప్పినా. మా కొట్టంలో గంధం యాడిది? ఆయప్ప నిజమనుకొని నవ్వుకుంటా పండుకున్నాడు. ఆయప్ప నాకు పీపా పీపా నిజం చెప్పి పోయినాడు. నేను ఆయప్పకు క్యాలెండరు బొమ్మ చేతికిచ్చి పంపించినా."

గ్లాసును వేళ్ళ మధ్య తిప్పింది. ఊరు వాసన తెలియకుండానే ఊరు విడిచిపోయానని ఆ రోజు తెలిసిందంది. తిరిగి వచ్చాక మొదటి ఏడాది ఏ పనీ పెట్టుకోకుండా ఊరంతా వాసన చూస్తూ తిరిగిందట. కలెక్టరాఫీసు చింతచెట్ల కింద, మార్కెట్ యార్డులో, రైల్వే గేటు దగ్గర, ఎండిన చెరువులో. పిచ్చిదనుకున్నారు కొందరు.

ఆమె మాట నా పనిలోకి ఎలా వచ్చిందో చెప్పాలి. యాడికి దగ్గర ఒక రైతు, పేరు నాగన్న, నన్ను పిలిపించాడు. అప్పటికి మూడు బోర్లు ఎండిపోయి ఉన్నాయి. ఆయన చేనంతా రెండు రోజులు తిరిగి కొలిచాను. ఎక్కడా ఆశ కనపడలేదు. పూర్వపు నేనైతే ఏదో ఒక మూల గుంజ పాతేసేవాణ్ణి. ఆ రోజు మాత్రం, నాకు ఎక్కడా నీళ్ళు కనపడలేదన్నా, బోరు వేయొద్దు, అన్నాను. నాగన్నకు కోపం వచ్చింది. అది చెప్పడానికి నువ్వెందుకన్నాడు. మర్నాడే అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్ళు చూసే ఒకాయనను తెచ్చుకుని, ఆయన చూపిన చోట బోరు వేయించాడు. నీళ్ళు పడ్డాయి. మంచి నీళ్ళు, రెండించులకు పైనే. నాగన్న నాకు ఫోను చేసి, వచ్చి చూసిపొమ్మన్నాడు. వెళ్ళాను. పైపులోంచి నీళ్ళు దూకుతున్నాయి. చుట్టూ జనం నా వైపు చూస్తున్నారు. ఆ నీళ్ళను చూసి సంతోషపడాల్సినవాణ్ణి ముఖం చెల్లక తిరిగి వచ్చాను.

ఆ ఆదివారం గ్లాసు ముట్టలేదు. ఓబుళ్రెడ్డి, ఏదో ఒకటి చెప్పింటే అయిపోతుండె గదప్పా, పడితే పేరు, పడకుంటే వాళ్ళ కర్మ, అన్నాడు. నాకు కూడా అదే నిజమనిపించింది. ఈ ఇంటికి వచ్చి బతుకు చెడగొట్టుకున్నానని కూడా అనిపించింది. సిస్టరమ్మ నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాగన్నకు నువ్వు చెప్పింది తప్పా, అబద్ధమా?"

తప్పు, అన్నాను.

"మా పెరట్లో చెప్పింది?"

నా చూపు పెరట్లోని ఎండుబోరు వైపు పోయింది.

"తప్పు వేరే, అబద్ధం వేరేనప్పా. తప్పయితే పోయి మళ్ళీ నేర్చుకోవచ్చు. యంత్రం తీసుకొని నాగన్న చేనికే పో. ఆ నీళ్ళు నీకు ఎందుకు కనపడలేదో చూసుకొని రా."

వెళ్ళాను. నాగన్న గట్టు మీద కూర్చుని వేడుకగా చూస్తుండగా మళ్ళీ కొలిచాను. రెండు రాతి పొరలు కలిసే చోట, నిట్టనిలువుగా, చాలా సన్నటి పగులు ఒకటి ఉంది. నేను వైర్లు పరిచిన దిక్కు నుంచి అది కనపడదు. అడ్డంగా పరిస్తే కనపడింది. ఆ రోజు నేర్చుకున్నది నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. నాగన్న చివరికి మజ్జిగ ఇచ్చి పంపాడు.

ఒక ఎండాకాలం ఆమెకు జ్వరం వచ్చి వారం రోజులు పడుకుంది. లేచాక కొంచెం చిక్కింది, అంతే. ఆదివారాలు మామూలుగానే సాగాయి. ఆమె చెప్పే మాటలు ఇంకా అందంగా ఉన్నట్టు కూడా మాకు తోచింది. నాలుగు నెలలు గడిచాయి. ఓబుళ్రెడ్డి పుట్టినరోజుకు సేమ్యా పాయసం చేద్దామని ఆ ఆదివారం పొయ్యి మీద పాలు పెట్టి వచ్చి కూర్చుంది. మూడో గ్లాసు ఎత్తి, ఇందులో పొగ శానా సన్నగా ఉండాది, తడిసిన బొగ్గు మాదిరి, అని చెబుతోంది. అప్పటికే వంటింట్లోంచి పాలు మాడిన కమురు గదంతా కమ్ముకుంది. మస్తాన్ భాయి నా వైపు చూశాడు. నేను ఓబుళ్రెడ్డి వైపు చూశాను. ఆమె ఇంకా ఆ సన్నటి పొగ గురించే చెబుతోంది. మస్తాన్ భాయి చప్పుడు లేకుండా లేచి వెళ్ళి పొయ్యి ఆర్పాడు. అంతలో నీలంగా ఒక పొగతెర గాలిలో తేలుతూ వంటింటి గుమ్మం దాటి వచ్చింది. అది ఆమె కంటపడింది. గ్లాసును బల్ల మీద పెట్టి, దాని అంకె మీద వేలితో రుద్దింది, సుద్ద చెరిగిపోయేదాకా.

"ఎంతసేపాయ?"

"ఇప్పుడే సిస్టరమ్మా," అన్నాడు మస్తాన్ భాయి.

ఆయన అబద్ధం చెబుతున్నాడని ఆమెకు తెలుసు. తల ఊపింది. తర్వాత మా ఎవరి ముఖాలూ చూడకుండా చెప్పింది. జ్వరం వచ్చి పోయినప్పటి నుంచి ఒక్క వాసనా లేదట. సబ్బు లేదు, వాన లేదు, మనిషి లేదు. డాక్టరు నరం దెబ్బతిందన్నాడు, తిరిగి రాదన్నాడు. మరి ఇన్ని నెలలు చెప్పిందంతా ఏమిటని ఓబుళ్రెడ్డి అడిగాడు. ఆమె గళ్ళ అట్ట పుస్తకం వైపు చూపించింది. పోసేది తనే కాబట్టి ఏ గ్లాసులో ఏముందో తెలుసు. పాత ఆదివారాల మాటలు పొద్దున్నే చదువుకుని వచ్చి కూర్చుంటోంది. మేము చెప్పిన మాటలనే మాకు అందంగా తిప్పి చెప్పింది.

"ముక్కు పోయిన దాని ఇంటికి మీరు ఇంగ ఎందుకొస్తారని," అంది.

ఓబుళ్రెడ్డి లేచాడు. పంచె పైకి దోపుకుంటూ, ఆయనకు చేతనైనంత చిన్న గొంతుతో అన్నాడు.

"నీ ముక్కు కోసరం వస్తాండామని ఎవరు చెప్పినారు సిస్టరమ్మా నీకు? ఇంగ మీదట పోసేది రామాంజీ. చెప్పేది మేము. నువ్వు కూర్చొని ఇను."

అని, మాడిన పాలగిన్నె తీసుకుని పంపు దగ్గరికి వెళ్ళి, బూడిద వేసి రుద్దడం మొదలుపెట్టాడు.

ఆయనంత మంచివాణ్ణి కాను నేను. నాకు కోపం వచ్చింది. ఆమె మాట పట్టుకుని ఊరి ముందు తలదించుకుని వచ్చినవాణ్ణి కదా. తర్వాతి ఆదివారానికి వెళ్ళలేదు. పని ఉందని చెప్పించాను. రెండు వారాలు పోయాక ఒక బుధవారం ఉండబట్టలేక ఆమె గేటు తీశాను. వరండాలో ఒంటరిగా కూర్చుని ఉంది. నన్ను చూసి, కోపం రావల్సిందే, అంది. తర్వాత, పెరటి మూలలో సిమెంటు మూత వేసిన ఆ ఎండుబోరు వైపు చూస్తూ, భయం పుడితే నోరు దాని దారిన అది పోతాదప్పా, నీకు ఆడ పోయినట్టే నాకూ పోయింది, అంది. అప్పుడు అర్థమైంది నాకు. ఆ తొలిరోజు ఆమె నన్ను తిట్టకుండా తడి తువ్వాలు ఇచ్చింది గొప్పతనం చేత కాదు. ఆ భయం ఎలాంటిదో ఆమెకు ముందే తెలుసు, దీవిలోని ఆ వార్డులోనే తెలుసు. పక్కన మెట్టు మీద కూర్చున్నాను. వీధిలో ఎవరింట్లోనో తిరగమాత పెట్టారు. ఆవాలు, ఎండుమిరపకాయ, ఇంగువ ఆఖర్న వేశారు, అని చెప్పాను. ఆమె కళ్ళు మూసుకుంది.

అలా ఆమెకు చెప్పడం నా పనైంది. ఆదివారాలే కాదు, దారిలో వెళుతూ ఆగి కూడా చెప్పేవాణ్ణి. ఆమె ఊరుకునేది కాదు, తవ్వేది. పుల్లగా అంటే ఏ పులుపు, మజ్జిగదా చింతకాయదా, పచ్చి చింతకాయా దోరదా. ఆమె అడిగే కొద్దీ నా ముక్కుకు పదును వచ్చింది. ఆమె ముఖంలో వెలుగు వచ్చిందంటే నేను సరిగ్గా చెప్పానని తెలిసేది.

ఒక చలికాలం ఓబుళ్రెడ్డి కారులో నలుగురం లేపాక్షి వెళ్ళాం. పొద్దు ఇంకా ఎత్తుకు రాలేదు. పెద్ద నంది దగ్గర ఆమె రాతికి అరచేయి ఆనించి నా వైపు చూసింది. నీళ్ళు కట్టిన పచ్చగడ్డి, దాని వెనక జామకాయల మీద చల్లిన కారంపొడి, ఇంకా వేడెక్కని రాయి, అని చెప్పాను. గుడి లోపల మండపంలో, వందల ఏళ్ళ నూనె, గబ్బిలాలు, ఎవరో విప్పిన పులిహోర పొట్లం అని చెప్పాను. ఆమె నా మోచేయి పట్టుకుని, రంగులు వెలిసిన పైకప్పు బొమ్మల కింద కలలో నడిచినట్టు నడుస్తోంది. ఓబుళ్రెడ్డి, మస్తాన్ భాయి వెనక ఎక్కడో ఆగిపోయారు. ఒక స్తంభం దగ్గర ఆగింది. ఇక్కడ, అన్నట్టు చూసింది. నేను ఊపిరి పీల్చాను. మళ్ళీ పీల్చాను. చుట్టూ వెతికాను. ఏదైనా చెప్పాలని ఎంత ఆశగా ఉందో ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తు.

"ఈడ నాకేమీ రాలేదు సిస్టరమ్మా."

ఆమె నవ్వింది. అంత నిండుగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

"ఇప్పుడు నమ్మకం కుదిరిందప్పా. అన్ని చోట్లా ఏదో ఒకటి చెప్తాంటే, నాకోసరం అల్లుతాండావేమో అనుకుంటాంటి."

ఆ మరుసటి ఏడాది కార్తీకంలో, ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకుని, మళ్ళీ లేవలేదు. చర్చి వెనక గోరీల దొడ్డిలో గుంత తవ్వినప్పుడు ఓబుళ్రెడ్డి దగ్గరుండి చూశాడు. బండ చెక్కించి, అంచులు తన చేతులతోనే రుద్ది నున్నగా చేశాడు. ఇప్పుడు మేము ముగ్గురమే ఆయన ఇంటి వరండాలో కూడుతున్నాం. ఏమీ తోచని గ్లాసు దగ్గర ఓబుళ్రెడ్డి కూడా ఇప్పుడు ఏమీ రాలేదంటాడు, పెద్ద గొంతుతోనే.

పోయిన నెల ఒక చేనులో పని ముగిశాక, యంత్రం సర్దుకుంటుంటే ఆ ఇంటి ఇల్లాలు దగ్గరికి వచ్చింది. ఆమె భర్త బోరు బండిని మాట్లాడడానికి అప్పటికే తాడిపత్రి వెళ్ళాడు. నీళ్ళు పడతాయా అని అడిగింది. రెండు దిక్కులా కొలిచాను, నాకు తెలియడం లేదమ్మా, అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. ఇదివరకు వచ్చినవాళ్ళంతా ఖచ్చితంగా పడతాయన్నారంది. చేనిలో అక్కడక్కడా మూతలు వేసిన బోర్లు నాలుగు కనిపిస్తూనే ఉన్నాయి.

"తెలీదనే మాట కాగితం మీద రాసియ్యప్పా. బండి రాకముందే మా ఆయప్పకు చూపించల్ల."

బండి సీటు మీద కాగితం పెట్టి, ఎక్కడెక్కడ కొలిచానో, ఏం చూశానో రాసి, ఈ చేనులో నీళ్ళున్నదీ లేనిదీ నాకు తెలియలేదని పెద్ద అక్షరాలతో రాసి, సంతకం చేసి ఇచ్చాను. ఆమెకు చదవడం రాదు. అయినా ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, నాలుగు మడతలు పెట్టి రవికలో దాచుకుంది.